గులాబీ రంగు మీద తెల్ల సున్నం

వన్‌టౌన్‌లో రేవు పక్కన మా అమ్మమ్మగారి ఇల్లు పడగొడుతున్నారని నాకు కబురు చేసింది దాన్ని కొనుక్కున్నాయనే. “మీరు పెరిగిన ఇల్లు గదమ్మా, పూర్తిగా పోకముందు ఓసారి సూసుకుంతారేమోనని” అన్నాడు ఫోనులో. అమ్మేసిన ఇంటిని మళ్లీ చూడ్డం ఎందుకని మొదట ఊరుకున్నాను. తర్వాత ఓ పొద్దున ఉండబట్టక ఆటో ఎక్కాను. నేను వెళ్లేసరికి పెంకులు దించేశారు. వీధివైపు గోడ లేదు. ముందుగది వెనకగోడ మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది. ఇల్లు ఇల్లుగా ఉన్నన్నాళ్లూ ఎండ ఎరగని గోడ అది. ఇప్పుడు నిండా ఎండలో ఉంది. దాని నడుమ నా పుస్తకాల గూడు. పనికి వచ్చిన కూలీల్లో ఒకామె తన టిఫిను క్యారియరు అందులో పెట్టుకుంది. గూడు అంచు మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాను. పిన్ని పోయి ఏడాది కావస్తోంది. ఆమె ఉంటే ఆ కూలీలను ఆపి, గోడను ఇంకాస్త శుభ్రంగా కోసిపెట్టమని బతిమాలుకునేది.

నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో అమ్మ పోయింది. నాన్న ఓడ మీద ఇంజను పని చేసేవాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లమీదే ఉండే మనిషి చిన్నపిల్లను ఎలా సాకుతాడు? అమ్మ పెద్దకర్మ కాగానే నన్ను తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో అప్పటికి తాతయ్య, అమ్మమ్మ, అమ్మ చెల్లెలు కృష్ణవేణి పిన్ని ఉండేవారు. తాతయ్య రేవులో క్రేను నడిపేవాడు. నేను వచ్చిన వారంలోనే ఆయన ఉలీ సుత్తీ పట్టుకుని, ఇటుకలు తొలిచి, ముందుగది గోడలో నాకోసం గూడు చేశాడట. “ఈ గూడు వొయిసూ, నువ్వు ఈ ఇంట్లో ఉన్న వొయిసూ ఒకటేనే గుంటా” అని అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. పలకతో మొదలై డిగ్రీ పుస్తకాల దాకా నా చదువంతా ఆ గూటిలోనే పెరిగింది.

ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ముందు దుమ్ము సంగతి చెప్పాలి. రేవులో ఇనుప ఖనిజం కుప్పలు ఉండేవి, వాటి పక్కన బొగ్గు కుప్పలు. గాలి ఒకలా తిరిగితే ఇంట్లోకి ఎరుపు వచ్చేది, మరోలా తిరిగితే నలుపు. అమ్మమ్మ పొద్దున లేవగానే వాకిట్లోకి వచ్చి, చీర కొంగు ఒకసారి గాల్లోకి వదిలి, అది ఎటు ఎగురుతోందో చూసేది. ఆ తర్వాతే బట్టలు పెరట్లో ఆరెయ్యాలా, లోపల దండెం మీద వెయ్యాలా అన్నది తేలేది. పాలగిన్నె మీద మూత, మూతమీద తడిబట్ట. కిటికీ గట్టు పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఎన్నిసార్లు తుడిచినా విసుక్కునేది కాదు అమ్మమ్మ. “రేవు మనకన్నం ఎడతంది. దాని దుమ్ము కూడా ఎడితే ఏటి?” అనేది. ఎండు రొయ్యల వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన, వీటన్నిటి కింద ఎప్పుడూ ఒక పలచని ఇనుప వాసన ఉండేది. ఊరు మారి వెళ్లాకగానీ అది ఇనుము వాసన అని నాకు తెలియలేదు. ప్రపంచమంతా అలాగే ఉంటుందనుకునేదాన్ని.

వానలు వెనకపట్టాక ఏటా ఇంటికి సున్నం వేయడం ఆ దుమ్ముతో మా రాజీ. అప్పట్లో గుల్లసున్నం దొరికేది, సముద్రపు గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి చేసింది. రేకు డ్రమ్ములో పోసి నీళ్లు పోయగానే అది బుసలు కొడుతూ ఉడికేది. దగ్గరికి వెళితే ముక్కు మండేది. చల్లారాక అందులో కొంచెం నీలిమందు కలిపేవారు, తెలుపు మిలమిలలాడాలని. తాతయ్య ఎత్తు గోడలకు, పిన్ని చేతికందే గోడలకు. గోడలు ముందుగా చీపురుతో దులిపేవారు కానీ, ఏడాది పట్టిన దుమ్ము దులిపితే పోతుందా? దానిమీదే కుంచె నడిచిపోయేది.

ఆ తెలుపుకి ఒకే ఒక మినహాయింపు ఉండేది. మా ఇంట్లోనూ, మా చుట్టాల ఇళ్లల్లోనూ ఆడపిల్లకి సంబంధం ఖాయమైతే ముందుగదికి మాత్రం సున్నంలో గులాబీరంగు పొడి కలిపి వేసేవారు. తాంబూలాలకి వచ్చేవాళ్లు ఆ గదిలో కూర్చోవాలి. పెళ్లయ్యేదాకా ఆ రంగు మీద మరో కుంచె పెట్టకూడదు. పెడితే ఆ సంబంధం చెరిపేసినట్టే. పెళ్లయ్యాక మళ్లీ ఏటి సున్నం వేళ అది మామూలు తెలుపు కిందికి వెళ్లిపోయేది.

పిన్ని ఆడపిల్లల కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేది. సెలవు రోజుల్లో భుజానికి గుడ్డసంచీ, చేతిలో చిన్న సుత్తి, మెడలో తాడుకు కట్టిన భూతద్దంతో ఎక్కడెక్కడికో వెళ్లి సంచీనిండా రాళ్లు తెచ్చేది. అవి మంచాల కింద, నీళ్ల బిందెల పక్కన, పెరటి గట్టుమీద పేరుకుపోయేవి. మా వీధికి చేపలు తెచ్చే ఎల్లమ్మ గంప దించి వాటిని చూస్తూ, “ఏటమ్మా, ఏరు ఏరు రంగులు తెచ్చినారు, పులుసెట్టుకుంతారా?” అని అడిగేది. “ఉడకడానికి చాలాకాలం పడతాది ఎల్లమ్మా, నువ్వు చేపలే ఇచ్చీ” అనేది పిన్ని. అమ్మమ్మ మాత్రం ఆ రాళ్లమీద కూడా తడిబట్ట వేసి తుడిచేది.

పిన్ని నాకు ఎప్పుడూ పాఠం చెప్పినట్టు గుర్తులేదు. కనిపించిన ప్రతిదాన్నీ అడిగేది, అంతే. పెరటి గుమ్మం పక్కన పాత పేపర్ల దొంతర ఉండేది. ఒకరోజు దానిముందు నన్ను కూర్చోబెట్టింది.

“అన్నిటికంటే పాతది ఏదమ్మలూ?”

“అడుగుది.”

“తేదీ చూసినావేటి?”

“చూడక్కర్లేదు కదా. మొదట పెట్టిందే అడుగున ఉంటుంది.”

“అయిపోయింది. మా క్లాసులో సగం పాఠం ఇదే” అంది. ఇంతలో అమ్మమ్మ వచ్చి, అప్పడాలు ఆరబెట్టడానికి దొంతర మధ్యలోంచి రెండు పేపర్లు లాగి, పనికిరాని దాన్ని పైన పడేసి వెళ్లిపోయింది. పిన్ని ముఖం వెలిగిపోయింది. “చూసినావా? ఎవరూ కదపనంతవరకే ఆ లెక్క. కదిపినారా లేదా అన్నది ముందు చూసుకోవాల. భూమిని కూడా మీ అమ్మమ్మలాంటివాళ్లు కదిపీస్తుంటారు.” అదే దొంతరలో ఎలుక ఒకటి పైనుంచి కిందికి బొక్క చేసింది. ఆ ఎలుక ఎప్పుడొచ్చిందో చెప్పమంది. చాలాసేపు ఆలోచించి, అది కొరికిన వాటిలో అన్నిటికంటే కొత్త పేపరు వచ్చాకే వచ్చి ఉండాలన్నాను. పిన్ని నా నెత్తిమీద చేయి వేసి, “కోసింది వయసులో చిన్నది, కోయించుకున్నది పెద్దది. ఎక్కడైనా అంతే” అంది. తర్వాతి రోజుల్లో పేపరు ఆఫీసులో కూర్చుని ఏ సంగతి ముందు జరిగింది, ఏది తర్వాత అని తలపట్టుకున్నప్పుడల్లా నాకు ఆ ఎలుకే గుర్తొచ్చేది.

యారాడకి తీసుకెళ్లేది నన్ను. కొండమీదుగా బస్సు దిగాక సముద్రం ఒడ్డున నల్లటి బండలు. వాటిలో బూడిదరంగు చారలు ఒకదాని పక్కన ఒకటి, మడత పెట్టిన చీరలా. వాటన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ ఒక తెల్లరాతి చార. ఆ తెల్లచారలో అక్కడక్కడా బూడిదరంగు ముక్కలు ఇరుక్కుని ఉండేవి. కరిగిన తెల్లరాయి పగుల్లోకి దూరినప్పుడు పక్కబండ ముక్కల్ని మింగేసిందని, మింగబడ్డ ముక్క ముందు పుట్టింది, మింగినది తర్వాత పుట్టిందని చెప్పింది పిన్ని. పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒకాయన మా వాలకం చూసి నవ్వాపుకోలేకపోయాడు.

“రాయికి జొరమేటి మేడమ్మా, అలగ చేయేసి సూస్తన్నావు?”

“జ్వరం కాదు బాబూ, వరస చూస్తన్నాను.”

“దాని వొయిసెంతుంతాది?”

“ఎన్నేళ్లో నాను చెప్పలేను. ఈ తెల్లదానికి ఆ నల్లది అన్న. అంతే తెలుసు.”

ఆయన వల పక్కన పెట్టి మరీ నవ్వాడు. “ఓర్నాయనో! మా యమ్మా అలాగే సెప్తాది. నీ కొడుకు వొయిసెంతే అంటే, అప్పన్న కన్నా పెద్ద, సింవాచెలం కన్నా సిన్న అంతాది. ఆ లెక్కనే నాకు పెళ్లి సేసినారు!” పిన్ని ఆ మాటని తర్వాత చాలా ఏళ్లు క్లాసులో చెప్పేదట.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లినప్పుడు వానకి కోసుకుపోయిన లోయల్లోకి దిగేవాళ్లం. ఇరువైపులా గోడల్లా నిలబడ్డ ఇసుక. అడుగున పసుపు, దానిమీద ఇటుకరంగు, అన్నిటిపైనా కొత్త ఇసుక. పసుపుకీ ఎరుపుకీ మధ్య గీత మీద వేలు పెట్టి చూపించింది ఒకసారి. “పొరలు చూసి మురిసిపోకు. ఈ గీత చూడు. పొర అంటే ఏదో వచ్చి పడ్డ కాలం. గీత అంటే ఏదీ పడకుండా గడిచిపోయిన కాలం. ఒక్కోసారి పొరకన్నా గీతకే ఎక్కువ కాలం పట్టుంటాది.” అప్పుడు నాకు ఆ మాట కన్నా, ఆమె సంచీలో మిగిలిన జీడిపప్పు మీదే ధ్యాస.

ఇన్నీ చెప్పింది కానీ, తన పెళ్లి సంగతి మాత్రం పిన్ని ఎప్పుడూ ఎత్తలేదు. అది నాకు ఎలమంచిలి పెద్దమ్మ చెప్పింది. ఆమె అమ్మకి దూరపు అక్క. ఏ శుభకార్యానికి వచ్చినా మా ఇంట్లోనే దిగేది. వచ్చీ రాగానే కాళ్లు చాపుకుని కూర్చుని, నా గడ్డం పట్టుకుని అదే మాట అనేది. “నీ మూలంగానే దాని పెళ్లి తప్పిపోయింది. బంగారం నాంటి సంబందం. తాంబూలాలకి రోజు పెట్టీసినారు. మీ యమ్మ పోయింది, నువ్వొచ్చి పడ్డావు. అక్క బిడ్డని వొగ్గీసి ఎలగ వెల్తానని కుదిరినదాన్ని వొగ్గీసింది ఆ మారాజు బిడ్డ. నువ్వు దాన్ని కళ్లల్లో పెట్టుకోవాల గుంటా.” అది తిట్టు కాదు. నిజంగా ప్రేమతోనే అనేది. అందుకే మరీ లోపలికి దిగేది.

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటినుంచి ఆ ఇంట్లో నా నడక మారిపోయింది. పండక్కి బట్టలు కొంటామంటే పాతవి బాగున్నాయనేదాన్ని. చేపముక్క పిన్ని కంచంలోకి తోసేదాన్ని. స్నేహితులతో సినిమాకి వెళ్లాలన్నా, నేను లేకపోతే ఈ మనిషికి ఎవరున్నారు అనిపించి ఆగిపోయేదాన్ని. ఒకరి జీవితం తిని పెరుగుతున్నానన్న భావం పిల్లల్ని ఎంత మంచిగా ఉండేలా చేస్తుందో, ఎంత ఊపిరాడకుండా చేస్తుందో అనుభవిస్తేగాని తెలియదు. పిన్ని ఆ గులాబీ రంగు గదిలో నిలబడి, కన్నీళ్లు తుడుచుకుని, నన్నెత్తుకుని లోపలికి వెళ్లడం నా కళ్లముందు సినిమాలా ఆడేది. నేను చూడని దృశ్యం అది. అయినా చూసినదానికన్నా స్పష్టంగా ఉండేది.

డిగ్రీ అయ్యాక ఒక దినపత్రికలో పనిచేయడానికి పరీక్ష రాశాను. శిక్షణ అయింది. కొత్త శతాబ్దం మొదలైన రోజులవి. విజయవాడ డెస్కులో చేరమన్నారు. అదే వారంలో ఎవరిదో పెళ్లికి ఎలమంచిలి పెద్దమ్మ వచ్చింది. తాతయ్య అప్పటికి లేడు. అన్నాలు తింటుండగా పెద్దమ్మ పిన్ని ఎదుటే, “అయితే ఇది కూడా ఎల్లిపోతాదన్నమాట. ఇక దీనికెవులున్నారు?” అంది. పెద్దమ్మ ఎలమంచిలి బస్సెక్కిన సాయంత్రం నేను పిన్నితో ఆ ఉద్యోగం వద్దని చెప్పాను.

“ఎందుకని?”

“ఇక్కడే ఏదో చూసుకుంటాను.”

“నిజం చెప్పు.”

“నువ్వు నాకోసం పెళ్లి మానుకున్నావు. నేను నీకోసం ఉద్యోగం మానుకోకూడదా?”

పిన్ని చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. ఆ మాట నా నోటినుంచి వస్తుందని ఆమె అనుకోలేదేమో. “అలాగెవరు చెప్పినారు? నీకోసం కాదే అమ్మలూ” అంది. “నా మనసు కుదుటపడాలని అంటున్నావు” అన్నాను. ఆమె ఏమన్నా నేను నమ్మే స్థితిలో లేనని ఆమెకి తెలిసిపోయింది. విజయవాడ వాళ్లకి రానని చెప్పేందుకు నేను మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

మర్నాడు ముందుగదిలో కొత్త స్విచ్చి బోర్డు కోసం మేస్త్రి వచ్చి, నా గూడు అంచు పక్కనే గోడ తొలవడం మొదలుపెట్టాడు. ఉలి దెబ్బకి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. కాలేజీకి బయల్దేరిన పిన్ని గుమ్మంలో ఆగిపోయింది. సంచీ దించేసి వెనక్కి వచ్చింది. “ఆగు బాబూ, ఆగు” అని అతని చేయి పట్టుకుని ఆపి, తడిగుడ్డతో ఆ కోతని నెమ్మదిగా తుడిచింది. సంచీలోని భూతద్దం తీసి నాకిచ్చింది.

“నా మాట నమ్మొద్దు. దీన్ని చదువు. అడుగునుంచి.”

కంటికి ఆనించి చూశాను. ఇటుక, దానిమీద గచ్చు, దానిమీద సున్నం పొరలు. ఒక్కో పొర కాగితమంత, కొన్ని అట్టంత. పొరకీ పొరకీ మధ్య సన్నటి గీత, కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల నల్లగా.

“ఈ గీతలేటి?”

“దుమ్ము” అన్నాను. “రేవు దుమ్ము. సున్నానికీ సున్నానికీ మధ్య ఏడాదంతా పట్టినది.”

“మంచిది. గులాబీ ఎక్కడుంది?”

“రెండు చోట్ల ఉంది. కింద ఒకటి, పైన ఒకటి.”

“కిందది ఎవరిది?”

“అమ్మది. ముందు పెళ్లి అమ్మదే కాబట్టి.”

“పైది నాది. దానిమీద ఏటుంది?”

“తెలుపు.”

“ఇప్పుడు గూడు అంచు చూడు. తాతయ్య ఉలి ఎక్కడ దిగింది? నా గులాబీ ఆ అంచు దగ్గర ఏమయింది?”

“తెగిపోయింది.”

“దానిమీది తెలుపు?”

చూశాను. తుడిచి మళ్లీ చూశాను. “అదీ తెగిపోయింది. దాని పైనున్న పొరలు మాత్రం తెగలేదు. మలుపు తిరిగి గూట్లోకి వెళ్లాయి.”

“గూడు తొలిచింది ఎప్పుడు?”

“నేను వచ్చిన వారంలో.”

“అయితే వరసగా చెప్పు.”

మేస్త్రి ఉలి ఒళ్లో పెట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. “ఏటి మేడం, గోడలో నిధిగానీ ఉన్నాదేటి? నాకూ వాటా ఇవ్వాల మరి” అన్నాడు. పిన్ని నవ్వలేదు. నా ముఖమే చూస్తోంది.

“గులాబీ” అన్నాను. “తర్వాత దానిమీద తెలుపు.” గూడు అంచు మీద వేలు పెట్టాను. “తర్వాత నేను.”

పెళ్లి కాకుండా గులాబీ మీద కుంచె పెట్టారంటే సంబంధం చెరిగిపోయినట్టే. ఆ కుంచె పెట్టినప్పటికి నేను ఈ ఇంట్లో లేను. అమ్మ బతికే ఉంది. కోసింది చిన్నది, కోయించుకున్నది పెద్దది. ఇన్నేళ్లూ పుస్తకాలు పెట్టుకున్న గూడే ఆ పొరల్ని కోసి పెట్టుకుని నా ఎదురుగా ఉంది. నేను ఎప్పుడూ అంచు చూడలేదు.

వంటింటి గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతిలో తడిబట్ట అలాగే ఉంది. “నానే సెప్పినాను అలాగని” అంది నేలచూపులు చూస్తూ. “ఆడపిల్ల తనంతట తాను ఈ సంబందం వొద్దన్నాదంటే ఊరు ఊరుకుంతాదేటి? అక్క బిడ్డ కోసం మానీసిందంటే దండం ఎడతారు. మీ యమ్మ పోయిన దుక్కంలో ఎవులికీ ఏది ముందో ఏది ఎనకో గుర్తునేదు. అదే నిజమని అందరూ అనీసుకున్నారు. దీన్ని నాను కాపాడినాననుకున్నాను. నీ నెత్తిన ఎట్టినానని అనుకోనేదే నాయనా.” పిన్ని వెళ్లి ఆమె చేతిలోంచి బట్ట తీసుకుంది. “తల్లి మాట పోకూడదని నాను కూడా ఊరుకున్నాను కదమ్మా. ఇద్దరం కలిసే మోయించాం దీనిచేత” అంది.

అంతలోనే నాకు ఇంకో సందేహం వచ్చింది. “తర్వాతైనా చేసుకోవచ్చు కదా. అప్పుడు మాత్రం నేనున్నాననే కదా?” పిన్ని ఆలోచించింది. ఆమె తేలిక జవాబులు ఇచ్చే మనిషి కాదు. “తర్వాత సంబంధాలు వచ్చినాయి. ఇంట్లో నువ్వున్నావని తోచిన మాట నిజం. నువ్వు బరువని కాదు, నువ్వుంటే ఇల్లు నిండుగా ఉందని. దానికి నువ్వు తీర్చాల్సిందేటీ లేదు” అంది. మరి ఆ మొదటి సంబంధం ఎందుకు వద్దన్నావని అడిగాను. “ఏది ముందు, ఏది తర్వాత. అంతవరకే. ఎందుకన్నది రాయీ చెప్పదు, గోడా చెప్పదు.”

“నువ్వు చెప్పొచ్చు కదా.”

“నన్నూ ఒక రాయనుకో” అని, అప్పుడు నవ్వింది. నేలమీద రాలిన పెచ్చుల్లోంచి మంచిది ఒకటి ఏరి, పాత బిస్కెట్ల డబ్బాలో దూది వేసి అందులో పెట్టి నా చేతికిచ్చింది. “దాచుకో. నువ్వింకా అంతా చదవలేదు. తీరిగ్గా చదువుకో.” ఆ పైవారం నేను విజయవాడ రైలెక్కాను. స్టేషనుకి వచ్చిన పిన్ని కిటికీలోంచి జీడిపప్పు పొట్లం అందించింది. మా మధ్య ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ రాలేదు. నేను ప్రతి సెలవుకీ వచ్చేదాన్ని. కానీ ఆ తర్వాతి రాకపోకల్లో అప్పు తీర్చడానికి వచ్చే మనిషి లేదు. పిన్నిని చూడాలనిపించి వచ్చే మనిషే ఉంది. ఆమె కంచంలోకి చేపముక్క తోయడం మానేశాను. ఆమె కంచంలోది లాక్కున్న రోజులూ ఉన్నాయి.

డెస్కులో గడిపిన ఏళ్లలో నాకు బాగా నచ్చిన పని సవరణలు వేయడం. ఇవాళ తప్పు పడితే రేపు సవరణ పడేది. ఆ తప్పు మాత్రం కింద అలాగే ఉండేది, దొంతరలో తన చోట. ఎవరైనా తీసి చూస్తే ముందు ఏమన్నాం, తర్వాత ఏమన్నాం అని రెండూ కనిపించేవి. ఇప్పుడు తెరమీద వార్త దిద్దితే పాతది కింద మిగలదు. మొదటినుంచీ అలాగే రాసినట్టు ఉంటుంది. గోడలూ అంతే. మళ్లీ ఈ ఊరికే తిరిగొచ్చి నేనుంటున్న అపార్టుమెంటుకి ఈమధ్య రంగులు వేయిస్తే, పెయింటరు ముందు పాత రంగంతా గీకేసి, పుట్టీ రుద్ది, నున్నగా చేసి, అప్పుడు కొత్త రంగు వేశాడు. పాతదాని మీద వేయకూడదా అంటే, “పెచ్చులూడిపోతాదండి, కింద ఏటీ ఉండకూడదు” అన్నాడు. గోడ అందంగా ఉంది. తుడిస్తే దుమ్ము పోతుంది. దానిలో మా గురించి ఏమీ లేదు. ఆ రోజుల దుమ్ము మళ్లీ రావాలని కోరుకునేంత మతి నాకు పోలేదు. ఆ వీధిలో దగ్గుతో మంచం పట్టినవాళ్లని చూశాను. అయినా ఆ దుమ్మే గీత గీసి పెట్టకపోతే మా ఇంట్లో కాలం ఎలా గడిచిందో చెప్పే దిక్కు ఉండేది కాదన్నది కూడా నిజమే.

ఆ పొద్దున వన్‌టౌన్ నుంచి ఇంటికి వచ్చి, బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తీశాను. పిన్ని భూతద్దం ఇప్పుడు నా దగ్గరే ఉంది. బాల్కనీలో ఎండ పడేచోట కూర్చుని, దూదిలోంచి పెచ్చు తీసి, ఆమె చెప్పినట్టే అడుగునుంచి చదివాను. అమ్మ గులాబీ కనిపించింది. దానిమీద ఎర్రటి గీత స్పష్టంగా ఉంది. పెళ్లయిపోయి, మళ్లీ ఏటి సున్నం దాకా ఆ రంగు గోడమీద హాయిగా నిలిచింది. ఆపైన నీలిఛాయ తెలుపులు, గీతలు, తెలుపులు, గీతలు. తర్వాత పిన్ని గులాబీ. దానిమీద తెలుపు.

ఆ రెండింటి మధ్య గీత లేదు.

మొదట నా చూపే సరిగా లేదనుకున్నాను. పెచ్చుని అటూ ఇటూ తిప్పి చూశాను. పైనా కిందా ప్రతి పొరకీ ఉన్న గీత అక్కడొక్కచోటే లేదు. ఎరుపూ లేదు, నలుపూ లేదు. ఆ తెలుపులో నీలిమందు ఛాయ కూడా లేదు. అది కలిపేంత ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. ఇంకా దగ్గరగా చూస్తే, గులాబీ తన చోట ఆగకుండా తెలుపులోకి కొంచెం ఎగబాకి కలిసిపోయింది. తడి మీద తడి వేస్తే అలాగే అవుతుంది. కిటికీ గట్టుమీద అమ్మమ్మ పొద్దున తుడిస్తే సాయంత్రానికి పేరు రాయగలిగే ఇంట్లో, ఆ గోడమీద ఒక్క పూట దుమ్ము కూడా పడలేదు. ఇన్నేళ్లూ నా మనసులో ఆ గులాబీ గదిలో కన్నీళ్లు తుడుచుకుంటూ నిలబడ్డ మనిషి అసలు లేనేలేదు. ఎందుకు వద్దనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

రంగు ఆరేదాకా కూడా ఆగలేదు మా పిన్ని.